చిడియాటాపు గుడ్లగూబలకు స్పీకరులో కూత వినిపించవచ్చా?

పలాస ప్రయాణికుడు
జనవరిలో మా జిల్లా మిత్రులం కొందరం అండమాన్ వెళుతున్నాం. బీచ్‌ల మీద మాకు పెద్దగా మోజు లేదు, పిట్టల కోసమే ఈ ప్రయాణం. నల్లటి ఒంటి మీద ఎర్ర జుట్టుతో ఉండే అండమాన్ వడ్రంగిపిట్ట, అక్కడి జెముడుకాకి, అక్కడి గుడ్లగూబలు. చిక్కల్లా ఈ గుడ్లగూబలతోనే వచ్చింది. రాత్రిపూట చిడియాటాపు అడవి దగ్గర ఫోనులోని కూతను స్పీకరులో వినిపిస్తే పక్షి దగ్గరికి వస్తుందని, అలా చేయకపోతే చూపిస్తానని మాట ఇవ్వలేనని గైడు అంటున్నాడు. మాలో సగం మంది సరేనన్నారు. నాకు మనసొప్పడం లేదు. పెద్దలు ఏమంటారు?

బొబ్బిలి బైనాక్యులర్
ఇంత చిన్న విషయానికి పంచాయతీ దేనికి? అక్కడి చిన్న గుడ్లగూబ మీ అరచేతికి కాస్త పెద్దది, అంతే. ఒళ్ళంతా ఎండుటాకు రంగు. చిమ్మచీకటిలో, దట్టమైన కొమ్మల్లో దాన్ని ఎలా వెతుకుతారు? కూత వినిపించకపోతే పదిమంది టార్చిలైట్లు పట్టుకుని రెండు గంటలు పొదలు తొక్కుతారు. దానికంటే ఒక్క నిమిషం స్పీకరు పెట్టి, చూసి, వెనక్కి వచ్చేయడం నయం. గుడ్లగూబలను లెక్కించే శాస్త్రవేత్తలు కూడా ఇదే పద్ధతి వాడతారు.

టెక్కలి మాస్టారు
శాస్త్రవేత్త లెక్క కోసం వాడతాడు, పని కాగానే వెళ్ళిపోతాడు. పర్యాటకులు అలా కాదు కదా, బొబ్బిలి రావు గారూ. మగ పక్షి కూసేది ఎక్కువగా తన హద్దు చాటుకోవడానికి. అర్ధరాత్రి మీ పొలం గట్టు మీద ఎవడో నిలబడి మైకులో "ఈ మడి నాది" అని అరిస్తే మీరు కర్ర పట్టుకుని పరుగెత్తరా? ఆ పిట్ట వచ్చేదీ అలాగే. వస్తుంది, వెతుకుతుంది, ఎవరూ కనబడరు. ఆ కాసేపూ దానికి తిండి వేట లేదు, గూటికి కాపలా లేదు.

మీ ఒక్క నిమిషం గురించి నాకూ బెంగ లేదు. చిడియాటాపు పోర్ట్ బ్లెయిర్‌కు పాతిక కిలోమీటర్ల దూరం, చక్కటి రోడ్డు ఉంది, అందుకని అందరూ అక్కడికే వెళతారు. ఈ రోజు మీరు, రేపు బెంగళూరు వాళ్ళు, ఎల్లుండి విదేశీయులు. అందరికీ అవే నాలుగు చెట్లు, అదే జంట.

నౌపడ ఉప్పుగాలి
మాస్టారూ, మన తేలినీలాపురం మాటేమిటి? గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళోనే, చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. చెట్టు కింద ట్రాక్టర్లు తిరుగుతాయి, పెళ్ళిళ్ళకు మైకులు మోగుతాయి. అయినా ఏటా వస్తూనే ఉన్నాయి.

టెక్కలి మాస్టారు
ఆ పోలిక కుదరదు. అవి గుంపుగా గూళ్ళు కట్టే జాతులు. ఒకే కొమ్మ మీద పక్కపక్కనే సర్దుకుంటాయి. పెద్ద గూడబాతు దాదాపు నోరే మెదపదు, కొంగ ముక్కు టకటకలాడిస్తుంది. గోల చేసేవి పిల్లలే. కూతతో సరిహద్దు కాసుకునే అలవాటు వాటికి లేదు. మీరు ఎంత పెద్ద స్పీకరు పెట్టినా కదలవు.

పనిలో పనిగా ఇంకో మాట. ఆ రెండూ సైబీరియా నుంచి వస్తాయని మన వాళ్ళు ప్రతి శీతాకాలం రాస్తూనే ఉంటారు. రెండూ మన ఉపఖండం చుట్టుపక్కలవే. సైబీరియాకు ఈ కీర్తి ఎలా దక్కిందో నాకు అంతుబట్టదు.

బొబ్బిలి బైనాక్యులర్
సరే, ఈక్వడార్ అడవుల్లో చేసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. రోజూ రికార్డు వినిపిస్తే అక్కడి ఒక జాతి పిట్ట మొదట్లో ఎక్కువగా కూసింది, కొన్నాళ్ళకు పట్టించుకోవడం మానేసింది. అలవాటు పడిందన్నమాట. అండమాన్‌కు అసలు ముప్పు వేరే ఉంది. బ్రిటిష్ వారు వదిలిన చుక్కల దుప్పులను తినే పెద్ద జంతువు ఆ దీవుల్లో లేదు. అవి అడవిలో మొలకలన్నీ మేసేస్తున్నాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరు, స్పీకరు మీద మాత్రం పడతారు.

టెక్కలి మాస్టారు
అలవాటు పడటమే నాకు భయం. రేపు నిజంగానే మరో మగ పక్షి హద్దులోకి వస్తే అప్పుడూ పట్టించుకోకపోతే? పైగా అది వేరే ఖండం, వేరే పిట్ట. దుప్పుల మీద కూడా మాట్లాడదాం, వేరే చర్చ మొదలుపెట్టండి, మొదటి సంతకం నాదే.

గజపతినగరం వకీలు
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట" నిర్వచనంలో తరమడం, ఎర వేయడం కూడా ఉన్నాయి. రికార్డు చేసిన కూత ఎర అవుతుందా అంటే ఇరువైపులా వాదించవచ్చు, నేను ఫీజు తీసుకుని రెండువైపులా వాదించగలను. కానీ చట్టం దాకా ఎందుకు? అరుదైన జాతుల దగ్గర, జనం ఎక్కువగా వచ్చే చోట రికార్డుల వాడకం తగ్గించమని అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళే చెబుతోంది. చిడియాటాపులో ఆ రెండూ ఉన్నాయి.

బొబ్బిలి వారి పక్షాన ఒక్కటి చెప్పాలి. పిట్టలను చూసేవాళ్ళు లేకపోతే వాటి తరఫున అడిగేవాళ్ళూ ఉండరు. అండమాన్‌లోనే నార్కొండం అనే చిన్న దీవిలో తప్ప మరెక్కడా లేని హార్న్‌బిల్ పక్షి కోసం 2012లో కేంద్ర పర్యావరణ శాఖ అక్కడ కోస్ట్ గార్డ్ రాడార్‌ను కాదంది. 2014లో అదే శాఖ సరేనంది, అది వేరే సంగతి.

పోర్ట్ బ్లెయిర్‌లో సోంపేట
మాది సోంపేట. మా నాన్న విశాఖలో ఓడెక్కి ఇక్కడికి వచ్చారు. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు, మాకు నోరు తిరగక ఇంకా పోర్ట్ బ్లెయిరే అంటున్నాం. నేనూ గైడునే.

మాస్టారు చెప్పింది మాకు తెలియదనుకోకండి. స్పీకరు లేకుండానూ గుడ్లగూబలు కనబడతాయి. చీకటి పడే వేళకే వెళ్ళి, రోడ్డు మీదే నిలబడి, లైట్లు ఆర్పి, నోరు మూసుకుని ఉండాలి. అవే కూస్తాయి. ఏ దిక్కు నుంచి వచ్చిందో చూసుకుని మెల్లగా నడవాలి. కొన్ని రాత్రులు కూత వినబడుతుంది, పక్షి కనబడదు. ఆ రాత్రుల తర్వాతే మాకు కష్టం. "చూపించలేదు కదా, సగం డబ్బు తగ్గించుకోండి" అంటారు. ఫోను తీసి నెట్‌లో మా మీద నాలుగు చెడ్డ మాటలు రాసిపారేస్తారు. పక్క గైడు స్పీకరు పెట్టి పది నిమిషాల్లో చూపిస్తాడు, తర్వాతి గుంపు అతనికే ఫోను చేస్తుంది. నన్ను మానమంటే మానేస్తాను. వచ్చేవాళ్ళు ముందు డబ్బు సంగతి తేల్చుకోవాలి.

పలాస ప్రయాణికుడు
పక్షి కనబడినా కనబడకపోయినా డబ్బు మొత్తం ఇస్తామని మా గైడుకు ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. మా గుంపులో ఇద్దరు మాత్రం ఇంకా అలిగి ఉన్నారు. సోంపేట అన్నా, జనవరిలో అక్కడ ఎన్ని గంటలకు చీకటి పడుతుంది?

పోర్ట్ బ్లెయిర్‌లో సోంపేట
అయిదున్నరకే. నాలుగున్నరకల్లా చిడియాటాపు చేరుకోండి. దోమల మందు మర్చిపోవద్దు.