మా ఊరి నాటక సమాజం పెట్టెలు చేతికొచ్చాయి: క్యాసెట్లు, స్క్రిప్టులు, ఫోటోలు ఎట్టా కాపాడాలి?

కావలి_రంగస్థలం:
అందరికీ నమస్తే. ఈ పని తెలిసినోళ్ళు ఉంటే కాస్త దారి చూపించండి. మాది కావలి. డెబ్బైల నించి తొంభైల చివరిదాకా మా ఊళ్ళో ఒక నాటక సమాజం నడిచింది, నాటక పరిషత్తు పోటీలకి పోయేవాళ్ళు, తిరునాళ్ళకి పల్లెల్లో ఆడేవాళ్ళు, అక్షరాస్యత ఉద్యమం అప్పుడు పాటలు, నాటికలతో ఊరూరా తిరిగే కళాజాతాల్లో కూడా తిరిగారు. ఏ గ్రాంటూ లేదు, జీతాల్లోంచి చందాలేసుకుని ఆడినోళ్ళే అందరూ. సమాజానికి సెక్రటరీగా ఉన్న పెద్దాయన ఇప్పుడు కొడుకు దగ్గరికి బెంగుళూరు పోతా ఇల్లు ఖాళీ చేస్తన్నాడు, రెండు ట్రంకు పెట్టెలు, ఒక అట్టపెట్టె మాకిచ్చి ఇంక మీ ఇష్టం అన్నాడు.

లోపల ఏముండాయంటే చేత్తో రాసిన స్క్రిప్టులు, సైక్లోస్టైల్ పాటల కాగితాలు, కరపత్రాలు, ఫోటోలు, నెగెటివ్‌లు, ఆడియో క్యాసెట్లు, నాలుగైదు వీహెచ్ఎస్ టేపులు. స్క్రిప్టుల్లో ప్రాంప్టర్ ఎర్ర పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులు ఉండాయి, ఒక పేజీ పక్కన "ఇక్కడ హార్మణీ ఆపాలి, తలుపు చప్పుడయ్యాకే డైలాగు" అని ఉంది, ఇంకోచోట ఒక డైలాగు మొత్తం కొట్టేసి "పల్లెల్లో ఇది వద్దు" అని రాసుంది. అచ్చయిన పుస్తకంలో ఇది దొరకదు కదా. గులాబీరంగు కరపత్రం ఒకటుంది, కుర్చీ ఐదు రూపాయలు, నేల ఒక రూపాయి, కింద ప్రెస్సు పేరు, తారీఖు ఉంది కానీ సంవత్సరం లేదు.

మా వాళ్ళలో సగం మంది ఫోన్లతో ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తే అయిపోద్ది అంటన్నారు. ఇంకో ఇద్దరు పెట్టెలు ఏదన్నా పెద్ద సంస్థకి ఇచ్చేద్దాం అంటన్నారు, కానీ ఇంతకుముందు ఒక సంస్థ సావనీరు కోసమని ఫోటోలు తీసుకుపోయి తిరిగివ్వలేదు, అందుకని నాకైతే మనసొప్పట్లేదు. మా రీడింగ్ రూమ్ వాళ్ళు మేడమీద ఒక గది ఇస్తామన్నారు, ఇక్కడే ఉంచుకుని ఊరి పిల్లలు కూడా వచ్చి చూసేట్టు చెయ్యాలని ఉంది. ముందు దేంతో మొదలుపెట్టాలి, ఏం కొనాలి, ఏం చెయ్యకూడదు?

ఒంగోలు_సౌండ్:
అన్నా, ముందు క్యాసెట్లు. కాగితం ఇంకో ఐదేళ్ళు ఆగినా ఆగుద్ది, క్యాసెట్ ఆగినా దాన్ని ఆడించే డెక్కు దొరకదు, డెక్కు దొరికినా బాగుచేసే మెకానిక్ ఉండడు. ఒంగోల్లో ఒకప్పుడు ట్రంకు రోడ్డు పొడుగునా ఉండేవాళ్ళు, ఇప్పుడు వెతుక్కోవాల్సొస్తంది.

ఇవాళే చెయ్యాల్సింది ఒకటుంది, ప్రతి క్యాసెట్‌కీ వెనకంచు మీద రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, వాటిని స్క్రూడ్రైవర్‌తో విరిచెయ్యండి. అవి లేకపోతే రికార్డు బటన్ దిగదు, ఎవరన్నా పొరపాటున నొక్కినా పాత గొంతు చెరిగిపోదు. తర్వాత టేపు చుట్ట మీద తెల్లగా పొడిలాగా ఉందేమో కిటికీలోంచి చూడండి, ఉంటే బూజు, దాన్ని డెక్కులో పెట్టొద్దు, టేపుని చదివే హెడ్డుకంటుకుని తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకి కూడా పాకుద్ది. అట్టాంటివి వేరే కవర్లో పెట్టండి, మాస్కు వేసుకుని ముట్టుకోండి.

ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు కొనొద్దు. మోటారు వేగం నిలకడగా ఉండదు, హార్మోనియం శృతి ఊగిపోద్ది. పాతదైనా మంచి డెక్కు ఒకటి సంపాదించి బెల్టు మార్పించండి, హెడ్డు, రబ్బరు రోలరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, లైన్ అవుట్ నించి ఆడియో ఇంటర్‌ఫేస్ (డెక్కు శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే చిన్న పెట్టె) మీదుగా కంప్యూటర్‌కి పెట్టండి. రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఫ్రీనే. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు, ఎంపీత్రీ కాదు. గంటకి దాదాపు ఒక జీబీ అవుద్ది, ఈరోజుల్లో అదేం ఎక్కువ కాదు. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీత్రీ దాన్నించి తర్వాత తీసుకోవచ్చు.

ఆడించేముందు ఆ కొసనించి ఈ కొసకి ఒకసారి ఫాస్ట్ ఫార్వర్డ్, ఒకసారి రివైండ్ కొట్టండి, ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన చుట్ట సర్దుకుంటది. గొంతు దుప్పటి కప్పినట్టు మందంగా వినపడతంటే టేపు పాడైందని వదిలెయ్యొద్దు, హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటది, రికార్డు చేసిన మిషన్‌కీ మీ మిషన్‌కీ హెడ్డు వాలులో తేడా ఉంటే అట్టా వినపడుద్ది, హెడ్‌ఫోన్ పెట్టుకుని స్క్రూ సన్నగా తిప్పతా పోతే స, శ లాంటి అక్షరాలు స్పష్టంగా పలికే చోటొకటి దొరుకుద్ది. ప్రతి క్యాసెట్‌కీ చెయ్యాలి ఇది. ఇంకోటి, మాస్టర్ కాపీలో నాయిస్ తీసెయ్యొద్దు. వెనకాల జనం కేకలు, ఈలలు, సోడా సీసాల చప్పుడు కూడా ఆ నాటకమే.

పాత_లైబ్రేరియన్_నెల్లూరు:
క్యాసెట్ల సంగతి ఆ బాబు బాగా చెప్పాడు. కాగితాల గురించి నేను చెబుతాను.

పెట్టెలు తెరిచి ఒకేసారి బయటికి కుమ్మరించకండి నాయనా. ఏ కట్టలో ఏది ఏ వరసలో ఉందో అదే ఒక సాక్ష్యం. మీ కరపత్రంలో సంవత్సరం లేదన్నారు, అది ఏ స్క్రిప్టు మధ్యలో దొరికిందో, పక్కన ఏ రసీదు ఉందో రాసుకుంటే సంవత్సరం తేలడానికి ఆధారం దొరుకుతుంది. తారీఖు పక్కన వారం కూడా వేసి ఉంటే పంచాంగం పెట్టుకుని ఏ ఏడు కుదురుతుందో చూడొచ్చు. ముందు ఫోన్‌తో పెట్టెని ఉన్నదున్నట్టు పైనించి ఫోటో తీసి, పొర పొరకీ మళ్ళీ తీయండి. ఫోన్ కెమెరాకి ఆ పని సరిపోతుంది.

తుప్పు పట్టిన పిన్నులు, స్టేపిల్స్ నిదానంగా తీసెయ్యాలి. చిరిగినచోట సెల్లోటేపు వెయ్యొద్దు, పదేళ్ళకి జిగురు పసుపు మరకై అక్షరాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్ళీ విడదీయలేం. కలరా ఉండలు ఫోటోల దగ్గర పెట్టకండి. మన కోస్తాలో అసలు శత్రువు తేమ. మేడమీద గది మంచిదే, వాననీళ్ళ భయం తక్కువ, కానీ ఎండకి కాలే స్లాబు కింద కాకుండా, బయటి గోడకి ఆనించకుండా, నేలకి జానెడెత్తున బీరువా పెట్టండి. 2015 నవంబరు వానలు, 2021లో పెన్నా వరద చూసినవాళ్ళం, గదిలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. ఒక డిజిటల్ కాపీ ఊరికి దూరంగా ఉండి తీరాలి.

స్క్రిప్టులు 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), రంగుల్లోనే స్కాన్ చెయ్యండి. నలుపు తెలుపులో చేస్తే మీ ప్రాంప్టర్ ఎర్ర పెన్సిలు ఏది, సిరా ఏది తెలీదు. ఏ ఫోర్ పేజీ టిఫ్ ఫైలు 45 ఎంబీ దాకా అవుతుంది, చదవడానికి విడిగా పీడీఎఫ్ చేసుకోండి. ఫోటో ప్రింటు, నెగెటివ్ రెండూ ఉంటే నెగెటివ్‌నే స్కాన్ చెయ్యండి. నెగెటివ్‌ల పెట్టె తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన కొడితే ఫిల్ము చెడిపోతోందని అర్థం, వాటిని మిగతావాటి నించి విడదీసి ముందు ఆ పని చూడండి.

చట్టం మాట కూడా ఒకటి. స్క్రిప్టు కాగితం మీ చేతిలో ఉన్నంత మాత్రాన హక్కు మీది కాదు. రచయిత పోయాక 60 ఏళ్ళదాకా కాపీరైటు వారసులదే. భద్రత కోసం కాపీ చేసి లైబ్రరీలో ఉంచుకోవడం వేరు, నెట్లో అందరికీ పెట్టడం వేరు. 2012 సవరణ తర్వాత లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న పుస్తకానికి భద్రత కోసం డిజిటల్ కాపీ ఉంచుకోవచ్చు, కాబట్టి మీ రీడింగ్ రూమ్ పేరుమీద పని మొదలుపెట్టడం అన్నివిధాలా మంచిది. పెద్ద ఊళ్ళోనే ఇవి బతుకుతాయని ఎవరన్నా అంటే ఒకసారి వేటపాలెం తీసుకెళ్ళండి. 1918లో అక్కడ పెట్టిన సారస్వత నికేతనం లైబ్రరీ చిన్న ఊళ్ళోనే ఉండి పాత పత్రికలన్నీ దాచింది, రాష్ట్రం నలుమూలల నించీ అక్కడికే వెళ్ళి చదువుకున్నారు.

డీటీపీ_కందుకూరు:
చిన్న మాట. పెట్టెల్లో ఫ్లాపీలు, సీడీలు ఉంటే వాటిని కూడా పట్టించుకోండి, తొంభైల చివర్లో కరపత్రాలు, సావనీర్లు చానావరకు పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో అను ఫాంట్లతో కొట్టినవే. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు సరిగ్గా కనపడే పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనపడతాయి, జనం ఫైలు పాడైందనుకుని చెరిపేస్తారు. పాత సిస్టమ్ ఉన్న డీటీపీ సెంటర్లో తెరిపించి ముందు పీడీఎఫ్ తీయించండి, తర్వాత యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి, ప్రూఫు చూసుకోవాలి. అచ్చు కాగితాలకి తెలుగు ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) ఇప్పుడు బాగానే పనిచేస్తంది, చేతిరాతకి మాత్రం కూర్చుని టైపు కొట్టుకోవాల్సిందే.

ఉదయగిరి_కుర్రాడు:
ఇంత లాయర్ పని ఎందుకన్నా, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఎక్కించేయండి అన్నీ. ఫ్రీ, ఎంత సైజైనా తీసుకుంటది, గది తగలబడినా వరదొచ్చినా పోదు. దాచిపెట్టుకుంటే ఎవరికి లాభం, నాలాంటోళ్ళకి మా జిల్లాలో ఇట్టాంటి నాటకాలు ఆడారని కూడా తెలీదు.

పెన్నా_గళం:
తమ్ముడూ, నీ తపన అర్థమైంది, నిజంగానే మీ వయసోళ్ళకి ఇవి చేరాలి. కానీ నేను ఆ కళాజాతాల్లో పాడినదాన్ని, నా మాట ఒకటి విను.

1990 తర్వాత అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడుల దగ్గర పాడేవాళ్ళం, ఆ బడుల్లోనించే మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు, జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు నించి సారా ఆగింది, ఇదంతా పేపర్లలో ఉంది. పేపర్లలో లేనిది ఆ క్యాసెట్లలో ఉంటది. పాటకీ పాటకీ మధ్య ఆడవాళ్ళు లేచి మాట్లాడేవాళ్ళు, మా ఆయన ఇట్టా తాగొచ్చి ఇట్టా కొట్టాడు అని పేర్లు పెట్టి చెప్పేవాళ్ళు, ఫలానా వాడి కొట్టు మూయించాలి అని ఊరు పేరుతో సహా చెప్పేవాళ్ళు. వాళ్ళ ముందున్న పాతికమందిని నమ్మి చెప్పారు ఆ మాట. ఇప్పుడు ఆ ఇంట్లో కోడళ్ళు, మనవలు ఉంటారు. అడక్కుండా నెట్లో పెట్టేదానికి మనకేం హక్కుంది? పాట పెట్టు, ఆ మాటలు గదిలో ఉంచు, వినాలనుకున్నోళ్ళు వచ్చి వింటారు. వాళ్ళనో వాళ్ళ పిల్లల్నో అడిగి, సరే అంటే అప్పుడు పెట్టు.

కావలి తమ్ముడూ, నీకు చెప్పేది ఇంకోటుంది. స్కానర్ కొనకముందే సెక్రటరీ గారు బెంగుళూరు బస్సెక్కకుండా ఆయన్ని కూర్చోబెట్టండి. ఒక్కో ఫోటో చేతికిచ్చి ఇదెవరు, ఎడమనించి మూడో మనిషి ఎవరు, డోలక్ ఎవరిది, ఈ ఆడవేషం వేసింది ఎవరు అని అడుగుతా ఫోన్‌లో రికార్డు పెట్టండి. ఫోటో వెనకాల బాల్‌పెన్‌తో రాయొద్దు, ముందుకి అచ్చు పడుద్ది, మెత్తటి పెన్సిల్‌తో నెంబరు వెయ్యండి చాలు, ఆ నెంబరు ఎదురుగా నోటుబుక్కులో పేర్లు. రచయిత పేరు, డైరెక్టర్ పేరు కరపత్రంలో ఉంటాయి. డప్పు కొట్టినోళ్ళ పేరు, మేకప్పు వేసిన ఆయన పేరు, ఎడ్లబండి తోలి సామాను దింపినోళ్ళ పేరు ఎక్కడా ఉండవు. వాళ్ళల్లో చానామంది మాల మాదిగ పల్లెలోళ్ళు. స్కానర్‌తో ఆ పేర్లు రావు, ఆయన నోట్లోంచే రావాలి. ఆయన్ని ఒక్కణ్ణే కాదు, ఆ డప్పు కొట్టినోళ్ళ ఇళ్ళకి కూడా పోయి ఫోటోలు చూపించండి, ఆయన చెప్పేదీ వాళ్ళు చెప్పేదీ ఒకటే కాకపోవచ్చు, రెండూ రాసుకోండి.

ఉదయగిరి_కుర్రాడు:
అక్కా, ఆ మాటల సంగతి నాకు తట్టలేదు. మీరు చెప్పింది కరెక్టే. కరపత్రాలు, పోస్టర్లు, ఒప్పుకున్న పాటలు అయినా నెట్లో పెట్టండి మరి, పూర్తిగా మూసెయ్యొద్దు. వివరాలు టైపు కొట్టే పని ఉంటే నాకు పంపండి, సాయంత్రాలు ఖాళీనే.

కావలి_రంగస్థలం:
అందరికీ చానా థ్యాంక్స్, పెన్నా_గళం అక్కా మీ మాట చదివాక మావాళ్ళందరికీ ఫార్వర్డ్ చేశా. సెక్రటరీ గారికి ఫోన్ చేశాం, బెంగుళూరు ప్రయాణం నెలాఖరుకి, ఈలోపు రోజూ పొద్దున్నే కాఫీ టైముకి రమ్మన్నాడు. ఫోటోల పని ముందు ఆయనతో మొదలుపెడతన్నాం, క్యాసెట్ల రెక్కలు రాత్రే విరిచేశాం, మూడింటి మీద బూజు కనపడింది, వేరే పెట్టాం. ఒక ఎక్సెల్ షీటు పెట్టుకుంటన్నాం, పెట్టె నెంబరు, వస్తువు నెంబరు, ఏంటది, ఎవరెవరు, ఎప్పుడు, ఎవరు చెప్పారు, బయట పెట్టొచ్చా లేదా, ఈ చివరి గడి అక్క చెప్పిందాని కోసం. హార్డ్ డిస్కులు రెండు కొని ఒకటి రీడింగ్ రూమ్‌లో, ఒకటి ఒంగోల్లో మా బావ ఇంట్లో, మూడో కాపీ క్లౌడ్‌లో. వీహెచ్ఎస్‌లకి పెళ్ళి వీడియోలు తీసే పాత స్టూడియో ఆయన్ని అడిగాం, వీసీఆర్ ఉందంట, చూస్తానన్నాడు.

పెద్ద సంస్థకి పెట్టెలు ఇచ్చే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాం. అడిగితే కాపీ ఇస్తాం, కాగితం రాయించుకుని.

ఇంక మిగిలింది క్యాసెట్ డెక్కు. నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఎవరి దగ్గరన్నా పనిచేసేది ఉందా? అద్దెకైనా పర్లేదు.

ఒంగోలు_సౌండ్:
నా దగ్గర రెండుండాయి, ఒకటి మీకిస్తా, అద్దె గిద్దె ఏం వద్దు. బెల్టు లూజుగా ఉంది, ఈ వారం మార్పించి ఆదివారం పినాకిని రైలుకి వస్తా, స్టేషన్‌కి ఎవర్నన్నా బండిచ్చి పంపండి. బూజు పట్టిన మూడింటినీ ముట్టుకోకుండా అట్నే ఉంచండి, వచ్చాక చూద్దాం. ల్యాప్‌టాప్ ఛార్జర్, ఒక పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు రెడీగా పెట్టండన్నా.