బెర్లిన్ రాజప్రాసాదాన్ని పునర్నిర్మాణం అనొచ్చా?

గోడకట్టు:
జర్మనీలో యుద్ధంలో పోయిన కట్టడాలను మళ్లీ కట్టడం గురించి మాట వచ్చిన ప్రతిసారీ డ్రెస్డెన్, బెర్లిన్ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. అది తప్పని నా వాదన.

యుద్ధంలో దెబ్బతిన్న బెర్లిన్ రాజుల ప్రాసాదాన్ని 1950లో తూర్పు జర్మనీ ప్రభుత్వం పేల్చేసింది. అదే చోట 1976లో తెరిచిన రిపబ్లిక్ భవనాన్ని (తూర్పు జర్మనీ పార్లమెంటు ఉండేది) ఆస్బెస్టాస్ అనే హానికర నార వల్ల 1990లో మూశారు, 2008 కల్లా నేలమట్టం చేశారు. ఇప్పుడున్నది ఇటలీ ఆర్కిటెక్ట్ ఫ్రాంకో స్టెల్లా గీసినది. మూడు వైపులా బరోక్ (పాతకాలపు అలంకార శైలి) ముఖాలు, స్ప్రే నది వైపు మాత్రం ఈ కాలపు గోడ. ఆ బరోక్ ముఖాల వెనక ఉన్నది కాంక్రీటు గోడ, దాని మీద ఇన్సులేషన్, ఆ పైన ఇటుకా ఇసుకరాయీ. అంతస్తుల బరువు మోసేది కాంక్రీటే. రాయి బరువు మోయని చోట దాన్ని పునర్నిర్మాణం అని ఎలా అంటాం?

రాతిపని:
డ్రెస్డెన్‌లోని ఫ్రౌయెన్‌కిర్షె చర్చిలో జరిగింది వేరే పని, ఒప్పుకుంటాను. ముందు అది ఎందుకు కూలిందో చూడండి. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బాంబులు పడ్డాయి, గుమ్మటం కూలింది మాత్రం 15వ తేదీ ఉదయం. లోపలి మంటలే దాన్ని తీశాయి. ఇసుకరాయిలో ఉండే క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకుని ఉబ్బుతుంది. దాంతో రాయి పైన పెచ్చులు లేచిపోయి, బరువు మోసే మందం తగ్గిపోతుంది. 18వ శతాబ్దంలో దాన్ని రూపొందించిన గేఓర్గ్ బేర్ దాదాపు 12,000 టన్నుల రాతి గుమ్మటాన్ని లోపలి ఎనిమిది స్తంభాలకూ బయటి గోడలకూ పంచాలనుకున్నాడు. ఎక్కువ భాగం స్తంభాల మీదే పడింది. అంటే అవి మొదటి నుంచీ మోయగలిగిన హద్దుకు దగ్గరలోనే ఉన్నాయి.

1993లో శిథిలాలను విప్పడం మొదలుపెట్టారు, సుమారు 22,000 ఘనమీటర్లు. రాయిని ఎత్తడానికి ముందే అది పడి ఉన్న చోటు కొలిచి, ఫోటో తీసి, నంబరు వేశారు. పడిన చోటును బట్టే అది గోడలో ఏ ఎత్తుదో, ఏ పక్కదో లెక్కగట్టారు. ఈ మెట్టు దాటేస్తే మిగిలేది రాళ్ల కుప్పే.

అసలు చిక్కు పేర్చేటప్పుడు వస్తుంది. పాత రాయి అంచులు చితికి ఉంటాయి కాబట్టి రాళ్ల మధ్య మాలు (అతికించే ముద్ద) నింపే జాయింటు మందంగా వస్తుంది. కొత్త రాయి మిషన్ కోత, జాయింటు సన్నం. మందపు జాయింటు బరువుకు ఎక్కువ అణుగుతుంది. రెండూ ఒకే స్తంభంలో కలిపితే బరువంతా గట్టి భాగం వైపు మళ్లి, అక్కడే పగులు మొదలవుతుంది. అందుకే పాత రాళ్లు ఎక్కువగా ఒత్తిడి తక్కువుండే బయటి ముఖానికి వెళ్లాయి. స్తంభాలను గట్టి రకం పోస్టా ఇసుకరాయితో, సన్నని జాయింట్లతో కొత్తగా కట్టారు. గుమ్మటం బయటికి తన్నకుండా బిగించే ఉక్కు పట్టీలు వేశారు. అంటే బేర్ చేసిన పొరపాటును దిద్దారు. 2005లో ప్రతిష్ఠ జరిగింది. గోడ మీద కనిపించే నల్ల రాళ్లు పాతవి. ఆ నలుపును మసి అనుకుంటారు చాలామంది. ఇసుకరాయి గాలికి, వానకు ఏళ్ల తరబడి తిరిగే రంగు అది. ఇప్పుడు తెల్లగా ఉన్నవీ నల్లబడతాయి.

దూలం:
గోడకట్టు గారూ, మీ కొలబద్ద నిలవదు. కొలోన్ కతీడ్రల్ పునాది 1248లో పడింది, 16వ శతాబ్దంలో ఆగింది, 1842లో మళ్లీ మొదలై 1880లో ముగిసింది. రాతి కమానుల పైనున్న కప్పు చట్రం 19వ శతాబ్దపు ఇనుము. ల్యూబెక్‌లోని మరియా చర్చి ఇటుక గోథిక్ (మధ్యయుగపు చర్చి శైలి) కట్టడాలు మొత్తానికీ తల్లి లాంటిది. 1942లో కాలిపోయాక దాని కప్పుకు కాంక్రీటు వాడారు. అది మరియా చర్చి కాదని ఎవరైనా అంటారా? కొయ్యకు నిప్పు భయం ఉంది కాబట్టి మార్చారు, అంతే.

పాతగోడ:
కొలోన్ ఇక్కడ వర్తించదండి. అది ఆగిపోయిన పని. ముఖభాగం మధ్యయుగపు నక్షా 19వ శతాబ్దంలో దొరికింది, దాని ప్రకారం పూర్తి చేశారు. బెర్లిన్‌లో ఉన్నదాన్ని కూల్చి, దాని మీద వచ్చినదాన్నీ కూల్చి, మొదటిదానిలా కట్టారు. 1950, 1976 రెండూ ఆ చోట చరిత్రే కదా.

ఈ గొడవ కొత్తది కాదు. శిథిలమైన హైడెల్‌బర్గ్ కోటలో ఫ్రీడ్రిష్ భవనాన్ని 1900 నాటికి ఆర్కిటెక్ట్ కార్ల్ షేఫర్ తీర్చిదిద్దాక, పక్కనున్న ఓట్‌హైన్‌రిష్ భవనానికీ కప్పు వేయాలన్నారు. కళాచరిత్రకారుడు గేఓర్గ్ డేహియో అడ్డం తిరిగాడు: కాపాడండి, కొత్తగా చేయకండి అన్నాడు. ఆ భవనం నేటికీ కప్పు లేకుండానే ఉంది. రెంటినీ పక్కపక్కన నిలబడి చూస్తే ఏది ఎక్కువ చెబుతుందో తెలుస్తుంది.

మధ్యదారి కావాలంటే మ్యూనిక్‌లోని ఆల్టె పినాకోతెక్ అనే చిత్రకళా మ్యూజియం ఉంది. బాంబు ముఖభాగం మధ్యలో పెద్ద కంత చేస్తే, ఆర్కిటెక్ట్ హాన్స్ డెల్‌గాస్ట్ శిథిలాల్లో ఏరిన ఇటుకలతో పూడ్చాడు. కిటికీల వరస, కమానుల కొలత పాతవే. చెక్కుడు పని, గిలాబు మాత్రం లేవు. 1957లో తెరిచారు. దూరం నుంచి ఒకే గోడ, దగ్గరికెళ్తే గాయం.

గోడకట్టు:
శ్రీకాళహస్తి రాజగోపురం 2010లో కూలితే మళ్లీ కట్టారు. అక్కడ గాయం చూపిద్దామంటే భక్తులు ఒప్పుకుంటారా?

పాతగోడ:
ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు. గుడిలో పూజ ఆగలేదు. ఫ్రౌయెన్‌కిర్షెకూ ఆరాధన తిరిగి వచ్చింది. బెర్లిన్‌లో రాజు లేడు, లోపల మ్యూజియం. వాడుక పోయాక ముఖం ఒక్కటే తేవడం మీదే నా అభ్యంతరం.

దూలం:
సరే, వాడుక కొలబద్దతో ఫ్రాంక్‌ఫర్ట్ పాతబస్తీ చూడండి. 1970ల నాటి కాంక్రీటు మునిసిపల్ ఆఫీసును తీసేసి, 2018 కల్లా 35 ఇళ్లు కట్టారు. 15 పాతవాటి ప్రతిరూపాలు, 20 కొత్త నమూనాలు. జనం కాపురం ఉంటున్నారు. మొత్తం అండర్‌గ్రౌండ్ పార్కింగ్ మీద నిలబడి ఉంది, అయినా కొయ్య చట్రపు పని చూసి నేర్చుకోవాల్సిందే.

ఓక్ (ఒక గట్టి కలప) చట్రాల ఇళ్లలో పని చెడేది మూడు చోట్ల. పచ్చి ఓక్ నిలువునా పెద్దగా కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది, కాబట్టి అతుకు వదులవుతుంది. అందుకే సీల బెజ్జాలను రెండు ముక్కల్లో ఒకే గీత మీద వేయరు. కాస్త పక్కకు వేస్తే చెక్క సీల దిగుతూనే అతుకును లాగి పడుతుంది. రెండోది, దూలాల మధ్య ఖాళీని మట్టితోనో సున్నంతోనో పూడ్చాలి. సిమెంటు పూస్తే అంచున సన్నని పగులు పడి, లోపలికెళ్లిన వాననీరు బయటికి రాదు, ఓక్ లోపల్నుంచి కుళ్లుతుంది. మూడోది అన్నిటికన్నా కింద ఉండే అడుగు దూలం. వీధి మట్టం పెరిగిన చోట మొదట పోయేది అదే. రాతి దిమ్మ మీద ఎత్తి పెట్టకపోతే పైన ఎంత చేసినా వృథా.

సున్నంబట్టీ:
మాలు సంగతి ఎవరూ ఎత్తలేదు. గోడ కూలడానికి తరచూ కారణం అదే. జర్మనీలోని హార్ట్స్ కొండల చుట్టుపక్కల పాత గోడల్లో జిప్సం మాలు ఎక్కువ. దాన్ని సిమెంటు మాలుతో మరమ్మతు చేస్తే, తడి తగిలినప్పుడు జిప్సంలోని సల్ఫేటూ సిమెంటులోని అల్యూమినేటూ కలిసి ఎట్రింగైట్ అనే స్ఫటికం పుడుతుంది. అది ఉబ్బి రాళ్లను తోసేస్తుంది.

గోడకట్టు:
సల్ఫేట్ తట్టుకునే సిమెంటు వాడితే సరిపోదా?

సున్నంబట్టీ:
ఎట్రింగైట్ తగ్గుతుంది. చలి, తడి ఉన్నచోట థామసైట్ అనే ఇంకో స్ఫటికం పుట్టొచ్చు. అది సిమెంటుకు పట్టునిచ్చే సిలికేట్‌నే తినేసి మాలును పిండి చేస్తుంది. గోడలో మూడు నాలుగు ఎత్తుల్లో, లోతు నుంచి కూడా మాలు తీసి సల్ఫేట్ పరీక్ష చేయించాలి. పైపైన ఒక్క చోట తీస్తే చాలదు, ఎందుకంటే వాన పడే బయటి పొరలో జిప్సం కరిగిపోయి ఉంటుంది, లోపల నిండుగా ఉంటుంది. జిప్సం తేలితే జిప్సం మాలుతోనే కట్టాలి, నీరు గోడలోకి దిగకుండా పైకప్పు ముందు బాగు చేయాలి.