నటుడికి ఇంత కసరత్తు అవసరమా? ఓడిన్ బృందం మీద చర్చ

తెరచాటు:
డెన్మార్క్‌లోని ఓడిన్ టియాట్రెట్ అనే నాటక బృందం ప్రస్తావన వస్తే చాలు, మన నాటకాలవాళ్లు ఒకటే మాట అంటారు: "వాళ్లు ఏళ్ల తరబడి రోజూ ఒళ్లు వంచి సాధన చేశారు, అందుకే అంతటి నటులయ్యారు." నా పేచీ ఆ "అందుకే" దగ్గరే.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. యుజేనియో బార్బా ఇటలీవాడు. నార్వే వెళ్లి వెల్డింగ్ పని చేశాడు, ఓడల్లో పనిచేశాడు. తర్వాత పోలండ్‌లో గ్రొటోవ్‌స్కీ అనే నాటక దర్శకుడి దగ్గర కొన్నేళ్లున్నాడు. 1964లో నార్వే రాజధాని ఓస్లోలో ఈ బృందాన్ని పెట్టాడు. ఎవరితో? అక్కడి ప్రభుత్వ నాటక పాఠశాలలో సీటు దొరకని కుర్రాళ్లతో! పాఠాలు చెప్పే గురువుల్లేరు. చోటు లేక బాంబు షెల్టర్‌లో రిహార్సల్ చేసుకున్నారు. జిమ్నాస్టిక్స్ వచ్చినవాడు మిగతావాళ్లకి అది నేర్పాడు, బాలే వచ్చినవాళ్లు బాలే నేర్పారు. 1966లో డెన్మార్క్‌లోని హోల్‌స్టెబ్రో అనే చిన్న ఊరు పిలిచి, ఊరి బయట పాత రైతు ఇల్లు ఒకటి ఇస్తే అక్కడికి మారిపోయారు.

సీటు రానివాడికి "నేనూ నటుణ్నే" అని తనకు తాను రుజువు చేసుకునే పని ఏదో ఒకటి రోజూ ఉండాలి. ఆ సాధన ముందు ఆ అవసరం తీర్చింది, బృందం చెదిరిపోకుండా పట్టి ఉంచింది. నటన దానివల్లే వచ్చిందనడం మనం తర్వాత అల్లుకున్న కథ. కసరత్తు నటన నేర్పదని బార్బాయే 1970ల మొదట్లో రాశాడు. ఇక్కడ మాత్రం స్క్రిప్టు ఒక్క పేజీ చదవకముందే పిల్లల్ని నేలమీద దొర్లిస్తున్నారు.

మూడో గంట:
తెరచాటు గారూ, చరిత్ర బాగానే చెప్పారు, లెక్క మాత్రం కుదరలేదు. గ్రొటోవ్‌స్కీ దగ్గర 'పిల్లి' అని ఒక వ్యాయామం ఉంది, ఎప్పుడైనా చేశారా? బోర్లా పడుకుని ఒళ్లంతా వదిలేయాలి. పిల్లి నిద్ర లేస్తుంది. అరచేతులు నేలకి ఆనించి ఛాతీ దగ్గరికి లాక్కోవాలి, మోచేతులు పైకే ఉండాలి. నడుము లేపి, కాలివేళ్ల మీద చేతులవైపు నడవాలి. తర్వాత ఒక్కో కాలూ సాగదీయాలి, తల ఎత్తాలి. రాతలో చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. చేస్తే ఎక్కడ బిగుసుకుపోతున్నారో మీ వెన్నుపూసే చెప్తుంది. మన నటుల్లో సగం మంది మెడ కిందనుంచి చచ్చుబడి ఉంటారు, డైలాగ్ చెప్తున్నంతసేపూ కుడి చెయ్యి ఒక్కటే ఊగుతుంది. దానికి మందేంటి? స్క్రిప్టు ఇంకో పేజీ చదవడమా?

హార్మోనియం పెట్టె:
దానికి మందు ప్రదర్శనలు. సురభి కుటుంబాల్లో పిల్లలు స్టేజీ మీదే పెరిగారు. వాళ్లకి పిల్లులూ లేవు, కుక్కలూ లేవు. రోజూ ఆట ఉన్నవాడికి ఆటే సాధన. ఓడిన్ ఒక్కో నాటకానికి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కూర్చునేది. ఆ ఖాళీ నింపుకోవాలిగా మరి!

సైడ్ వింగ్:
మీరంతా ఓడిన్ సాధన అంటే మొదటినుంచీ చివరిదాకా ఒకటే అనుకుంటున్నారు. అసలు సంగతి మధ్యలో ఉంది.

ఈబెన్ నాగెల్ రాస్ముసెన్ అనే నటి బృందం హోల్‌స్టెబ్రో వచ్చిన ఏడాదే చేరింది. మొదట్లో అందరికీ ఒకే రకం: పల్టీలు, గ్రొటోవ్‌స్కీ వ్యాయామాలు. ఆవిడా చేసింది, కానీ అవి తనవిగా అనిపించలేదు. పోనుపోను తనవే కొన్ని కట్టుకుంది. బరువుని కావాలని ఒక పక్కకి వదిలేయడం, పడిపోబోయే క్షణంలో ఆ ఊపునే ఇంకో దిక్కుకి అడుగుగా మార్చుకోవడం, మళ్లీ వదిలేయడం. పల్టీ కొడితే అది పూర్తయిందో లేదో ఎదుటివాడు కూడా చెప్పేస్తాడు. ఇందులో అలా కాదు, ఎప్పుడు వదలాలో ఎప్పుడు పట్టుకోవాలో ఆవిడే తేల్చుకోవాలి. బార్బా ఇది చూసి, అందరికీ ఒకే డ్రిల్లు అనే పద్ధతి మానేశాడు. ఎవరి సాధన వాళ్లే కట్టుకున్నారు: ఒకరు కర్రతో, ఇంకొకరు పొడుగు కర్రకాళ్లతో, మరొకరు పూర్తి నెమ్మది కదలికతో.

మనవాళ్లు కాపీ కొట్టేది మాత్రం మొదటి ఘట్టాన్ని, అంటే వాళ్లు వదిలేసిన దాన్ని!

కొత్త వేషం:
నేను నటిని, ఈ మధ్యే మొదలుపెట్టాను. ఒక వర్క్‌షాప్‌లో ఉత్త గచ్చు మీద, చాప కూడా లేకుండా, మోకాళ్ల మీద నడిపించారు. నొప్పి అంటే "నొప్పిని దాటు" అన్నారు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆ సార్ గోడకి ఆనుకుని నిలబడి టీ తాగుతూ ఓడిన్ పేరు చెప్పారు. ఆయన మాత్రం ఒక్కసారి కూడా నేలమీద కూర్చోలేదు.

మూడో గంట:
అమ్మా, అది సాధన తప్పు కాదు, ఆయన తప్పు. ముందు మోకాలు చూసుకోండి.

హార్మోనియం పెట్టె:
ఎప్పుడూ ఇదే జవాబు. పద్ధతి ఎప్పుడూ పవిత్రమే, మనుషులే చెడగొడతారు!

ఇంకో సంగతి. బార్బా 1963లో కేరళ వచ్చి కళామండలంలో కథకళి శిక్షణ చూశాడు. తెల్లారకముందే లేవడం, కంటి సాధన, వర్షాకాలంలో నూనె రాసి కాళ్లతో తొక్కే మర్దన. దాన్నిబట్టి యూరప్ వాళ్లకి వ్యాసం రాశాడు. అక్కడ ఆ పిల్లల వెనక కథలున్నాయి, తాళం ఉంది, దేవుడున్నాడు, ఊరుంది. అవన్నీ అక్కడే వదిలేసి కండరాల క్రమశిక్షణ మాత్రం మూటగట్టుకుంటే ఎలా? రుస్తుం భరూచా లాంటి మన విమర్శకులు ఈ ధోరణిని గట్టిగానే ఏకారు. ఇప్పుడు అదే సరుకు డెన్మార్క్ ముద్రతో మనకి తిరిగొస్తే ఫీజు కట్టి నేర్చుకుంటున్నాం.

సైడ్ వింగ్:
భరూచా విమర్శలో పస ఉంది, కాదనను. అయితే ఒడిస్సీ నర్తకి సంయుక్తా పాణిగ్రాహి సంగతి కూడా చెప్పాలి. దేశదేశాల ప్రదర్శన కళల్ని పక్కపక్కన పెట్టి చూసే బడి ఒకటి బార్బా పెట్టాడు, 1980లో జర్మనీలోని బాన్‌లో మొదటి సమావేశం జరిగింది. అప్పటినుంచీ ఆవిడ అందులో ఉన్నారు, 1997లో పోయేదాకా. తన విద్య ఎవరో ఎత్తుకుపోతున్నారని అనుకుంటే అన్నేళ్లు ఉంటారా? పేచీ ఉంటే ఆవిడ తరఫున మనం పడాల్సిన పని లేదు.

తెరచాటు:
మూడో గంట గారికి ఒక్క జవాబు చెప్తాను. 1974లో వీళ్లు దక్షిణ ఇటలీలో కార్పిన్యానో అనే పల్లెకి వెళ్లారు. చూపించడానికి చేతిలో నాటకం లేదు. ఊళ్లోవాళ్లు "మీరేం చేస్తుంటారు?" అని అడిగారు. వాద్యాలు తీసి వాయించారు, పాడారు. అప్పుడు ఊళ్లోవాళ్లు తమ పాటలు అందుకున్నారు. మీ ఆట మాకు, మా పాట మీకు అనే ఇచ్చిపుచ్చుకోవడం అక్కడే మొదలైంది. తర్వాత వాళ్ల పనిలో అదో పెద్ద భాగమైంది. పదేళ్ల సాధన చేసినవాళ్లకి దారి చూపించింది ఆ పల్లె జనం. పల్టీలు కాదు.

మూడో గంట:
అదే ఊళ్లో వాళ్లు కట్టిన 'నృత్యాల పుస్తకం' అనే ప్రదర్శన దేన్నుంచి పుట్టిందండీ? రోజూ చేసే సాధనలోంచే కదా! కర్రలు, జెండాలు, డప్పులు, అన్నీ శిక్షణ గదిలోవే. నాటకం లేకపోయినా నలుగురి ముందు నిలబడగలిగారంటే ఒంట్లో ఏదో ఉండబట్టే. మన బృందాన్ని రేపు ఏదైనా ఊరి రచ్చబండ దగ్గర స్క్రిప్టూ మైకూ లేకుండా దింపండి, ఎంతసేపు నిలబడతామో చూద్దాం.

తెరచాటు:
అది ఒప్పుకుంటాను. కానీ వాళ్లకి పొద్దుటి పూటలు ఉండేవి, ఊరు ఇచ్చిన ఇల్లు ఉండేది, మునిసిపాలిటీ డబ్బు ఉండేది. మనవాళ్లు ఆఫీసు అయ్యాక ట్రాఫిక్‌లో పడి ఎనిమిదింటికి హాలుకి చేరతారు, తొమ్మిదిన్నరకి వాచ్‌మన్ లైట్లు ఆర్పేస్తాడు. ఆ గంటన్నరలో గంట పల్టీలకి పోతే నాటకం ఎప్పుడు?

కొత్త వేషం:
సైడ్ వింగ్ గారూ, ఎవరి సాధన వాళ్లే కట్టుకోవాలన్నారు కదా. ఏమీ రానిదాన్ని, నేను దేంతో మొదలుపెట్టాలి?

సైడ్ వింగ్:
మీ వేషంలో ఒక్క పని ఎంచుకోండి, బిందె దించడమో, తలుపు గడియ తీయడమో. అది రోజూ పది నిమిషాలు. ఒకసారి మామూలుగా, ఒకసారి బాగా నెమ్మదిగా, ఒకసారి బరువంతా ఎడమ కాలి మీద వేసి. మోకాలు తగ్గేదాకా కూర్చునే చేయండి.

హార్మోనియం పెట్టె:
బిందెతో అయితే నాకూ అభ్యంతరం లేదు. డైలాగ్ కూడా చెప్తూ చేయమనండి.