లింకులు వాక్యం మధ్యలోనా, వ్యాసం చివరా?

పుటలమనిషి: వ్యాసం మధ్యలో లింకులు మానేసి, అన్నీ చివర ఇవ్వాలంటాను. నొక్కాలా వద్దా అని ప్రతి లింకూ అడుగుతుంది. నొక్కకపోయినా ఆ నిర్ణయానికి కొంత బుర్ర ఖర్చవుతుంది. హైపర్‌టెక్స్ట్ (లింకులున్న పాఠం) చదవడంపై వచ్చిన పరిశోధనల్ని 2007లో సమీక్షించిన డిస్టెఫానో, లెఫేవర్ తేల్చిందీ ఇదే: నిర్ణయాల భారం పెరిగితే అవగాహన దెబ్బతింటుంది.

అంచుగీత: అంత తేలిగ్గా ఒప్పుకోలేను. ఫిట్జ్‌సిమన్స్ బృందం కంటి కదలికలు కొలిచి 2019లో ప్రచురించిన పత్రం చూడండి. లింకు నీలంగా ఉన్నంత మాత్రాన చదవడం కుంటుపడలేదు. లింకు పడిన మాట అరుదైనదైతేనే పాఠకులు వెనక్కి వచ్చి మళ్ళీ చదివారు. 'ఫోవియా' అని రాసి లింకుతో సరిపెడితే ఎవరైనా ఆగుతారు. 'రెటీనాలో సన్నటి వివరాలు పట్టే చోటు, ఫోవియా' అని అక్కడే చెప్పేస్తే ఆగే పనే లేదు. పైగా అన్నీ చివరికి తోసేస్తే ఏ మాటకు ఏది ఆధారం? డజను లింకుల కుప్పలో వెతికే ఓపిక ఎవరికుంటుంది?

పుటలమనిషి: ఆధారం మాట నిజమే, అక్కడ తగ్గుతాను. అయితే పేరా చివర పెట్టండి, వాక్యం నడుమ మాత్రం వద్దు. తెలుగులో క్రియ ఆఖర్న వస్తుంది. 'ఈ మందు గుండెకు చేటన్న వాదనను పరిశోధకులు తోసిపుచ్చారు' అనే వాక్యంలో 'వాదన' మీద లింకు ఉందనుకోండి. అక్కడ నొక్కి వెళ్ళినవాడు 'తోసిపుచ్చారు' చూడనే చూడడు. తలకిందులైన అర్థంతో వెళ్ళిపోతాడు!

అంచుగీత: ఈ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. క్రియ పడ్డాకే లింకు, సరే. కానీ పేరా చివరిదాకా ఎందుకు? పేరాలో మూడు వాదనలుంటే మళ్ళీ అదే చిక్కు. వాక్యం ముగిశాక, ఎక్కడికి వెళ్తుందో తెలిసే మాటలతో ఇవ్వాలి. 'ఇక్కడ నొక్కండి' అంటే ఏముందో చూద్దామనే వెళ్తారు.

మౌనపఠనం: ఇద్దరూ రాసేవాళ్ళ వైపే చూస్తున్నారు. లింకు కనీసం మన చేతిలో ఉంటుంది, నోటిఫికేషన్ అడక్కుండా వస్తుంది. పని సగంలో వదిలి మరోదానికి మారితే ధ్యాస కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. కాబట్టి ముందు నోటిఫికేషన్లు ఆపాలి. బ్రౌజర్‌లోని రీడర్ మోడ్ ప్రకటనల్ని, పక్క పెట్టెల్ని తీసేస్తుంది గానీ లింకులు అలాగే ఉంటాయి. కంప్యూటర్లో అయితే కంట్రోల్ (మ్యాక్‌లో కమాండ్) మీట పట్టుకుని లింకు నొక్కండి, వెనక ట్యాబ్‌లో తెరుచుకుంటుంది. వ్యాసం పూర్తయ్యాకే అటు వెళ్ళండి.

పుటలమనిషి: అప్పటికి తొమ్మిది ట్యాబులు పోగవుతాయి, ఏది ఎందుకు తెరిచామో గుర్తుండదు. తెరిచేముందు కాగితం మీద ఒక్క ముక్క రాసుకోవాలి: 'మోతాదు ఎంత?' అని. రాయడానికి ప్రశ్నే తట్టకపోతే ఆ లింకు తెరవనక్కర్లేదు.