అటక మీద పాత మిక్సీ, ఫ్యాన్: ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: ఆగిపోయిన 750 వాట్ల మిక్సీ, నీరసంగా తిరిగే సీలింగ్ ఫ్యాన్ అటకెక్కి ఉన్నాయి. బాగుచేయిస్తే పనికొస్తాయా, పాత సామాన్లకు వేసేయాలా?

జవాబు 1: ముందు మిక్సీ అడుగున ఎర్ర బటన్ నొక్కండి. గట్టి పిండి పడితే ట్రిప్పయి కరెంటు ఆపేసేది అదే. అయినా కదలకపోతే ప్లగ్ పీకి కార్బన్ బ్రష్‌లు (తిరిగే మోటారుకు కరెంటు అందించే చిన్న ముక్కలు) చూడండి. బాగా అరిగి పొట్టిగా అయితే రెండూ కలిపే మార్చాలి. ఒక్కటే మారిస్తే నిప్పురవ్వలు రావచ్చు. మోటారు తిరుగుతూ బ్లేడు ఆగిపోతే మోటారును జారుకు కలిపే కప్లర్ పళ్లు అరిగిపోయినట్టే.

జవాబు 2: ఫ్యాన్ పారేయకండి! నీరసంగా తిరిగేది తరచూ కెపాసిటర్ (మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న భాగం) బలం తగ్గడం వల్లే. చాలావాటికి 2.5 మైక్రోఫారడ్‌ది సరిపోతుంది, పాతదాని మీద అంకె చూసి అదే వేయించండి. చేత్తో తిప్పితే గరగరమంటే బేరింగులు అరిగినట్టే.

జవాబు 3: మోటారులోని తీగచుట్ట (వైండింగ్) నల్లబడి మాడు వాసనొస్తే మిక్సీ మీద ఆశ వదిలేయండి. జార్లు, మూతల వాషర్లు మాత్రం ఉంచుకోండి.