చట్టబద్ధం కాని ఆజ్ఞ విషయంలో యువ అధికారులకు ఏం నేర్పాలి?

ప్రశ్న (అల్వాల్): మా తమ్ముడు దుండిగల్ వాయుసేన అకాడమీలో శిక్షణ పొందుతున్నాడు. ఆజ్ఞాపాలన తప్పనిసరి అంటూనే తప్పొప్పులు స్వయంగా తేల్చుకోమంటే, అంత చిన్న వయసులో ఆ రెండింటినీ ఎలా పొసగించుకోగలడు?

జవాబు (విశ్రాంత అధికారి, సైనిక్‌పురి): ఆ రెండింటికీ మీరనుకున్నంత వైరుధ్యం లేదండీ. 1950 నాటి వాయుసేన చట్టంలోని 41వ సెక్షన్ శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడాన్నే. లొంగిపోయిన శత్రుసైనికుణ్ణి కాల్చమనడం ఆ పరిధిలోకి రాదు, పైగా యుద్ధంలో బందీలు, క్షతగాత్రులు వంటివారి రక్షణకు దేశాలు చేసుకున్న జెనీవా ఒప్పందాల అమలుకు 1960లో మన పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం అది ఘోరమైన నేరం.

మరో జవాబు (తార్నాక): చట్టం తెలిస్తే చాలదు. యువ అధికారికి ఎదురయ్యేవి చాలావరకు అంత స్పష్టమైన నేరాలు కావు. చేయని తనిఖీని చేసినట్లు రాయమని పైవారు సూచనగా అనడం, తోటి క్యాడెట్ కాపీ కొట్టడం చూసి కూడా స్నేహం కొద్దీ ఊరుకోవడం వంటివి. ఇటువంటి సందర్భాలను ముందుంచి, ఒక్కొక్కరి చేత కారణాలతో సహా నిర్ణయం చెప్పించి, తరువాత అందరూ తర్కించడం ఉపన్యాసం కంటే మేలని నా అభిప్రాయం (మార్కులకు ఉపన్యాసమే చాలుననుకోండి).

ప్రశ్న వేసినవారు: సూచనగా అన్నప్పుడు ఏం చేయాలి?

విశ్రాంత అధికారి: ఆ మాటను రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా అడగమనండి. విమాన భద్రతకు సంబంధించినదైతే మాత్రం రాత కోసం ఆగకుండా, సంతకం పెట్టకుండా, వెంటనే ఆ సూచన చేసినవారికంటే పై స్థాయి అధికారికి తెలియజేయాలి.