అప్‌డేట్: బరంపురంలో ఉల్లి, వెల్లుల్లి లేని ఒడియా భోజనం దొరికింది

కిందటి నెల ఇక్కడ అడిగాను. మా అత్తయ్యగారు కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు, కానీ చిన్నప్పుడు తిన్న దాల్మా (కూరగాయ ముక్కలు వేసి వండే ఒడియా పప్పు) బరంపురంలోని ఆ పాత హోటల్లోనే తినాలని ఆవిడ కోరిక, ఎలా అని. మొన్న ఆదివారం వెళ్లొచ్చాం. సలహా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

పనికొచ్చింది ఒకటే: ముందురోజు ఫోన్ చేసి వంటాయననే అడగమన్న సలహా. ఆయన, దాల్మాలో మేం ఎప్పుడూ ఉల్లి వేయం, బేసరలో (ఆవాల ముద్ద వేసిన కూరలో) మాత్రం ఆవాలతోపాటు వెల్లుల్లి నూరుతాం, అది వడ్డించొద్దని చెప్పండి అన్నాడు. మెనూ బోర్డు చూస్తే ఈ సంగతి తెలిసేదే కాదు.

ఇక ఆ దాల్మా! కందిపప్పులో పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి ముక్కలు చెదరకుండా ఉడికాయి. పంచఫుటణ (ఐదు దినుసుల) తాలింపులో సోంపు వాసన ముందే తగిలింది. పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి, కొబ్బరి కోరు. అత్తయ్యగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మ చేసినట్టే ఉందే" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. ఖర్జూరం వేసిన టమాటా ఖట్టా (తీపి పులుపు పచ్చడి) రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

టేబుల్ బుకింగ్ గురించి నేను పడ్డ కంగారు అనవసరం, అక్కడ అసలు బుకింగే లేదు. కిందటిసారి ఇక్కడ పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) గురించి కూడా అడిగాను కదా, అది ఎండాకాలంలోనే పెడతారట.

వెళ్లేవాళ్లు పన్నెండున్నరకల్లా వెళ్లండి. మేం లేచేసరికి, ఒకటిన్నరకి, దాల్మా అయిపోయిందని చెప్పేస్తున్నారు.